గిర్ని గోడ మీద జపానమ్మ సూది

బీదర్ నాకు కొత్త కాదు. మా అమ్మ పుట్టిల్లు ఆ జిల్లాలోనే, భాల్కి దిక్కున్న ఖటక్ చించోళి. చిన్నప్పుడు ఎండకాలం సెలవులకు పోయినప్పుడల్లా బీదర్‌లో బస్సు మారేవాళ్లం. కోట మాత్రం ఒక్కసారి గూడ చూడలే. నలభై ఆరేండ్లు వచ్చినంక నాకు బీదర్ చూపించింది జపాన్ నుంచి వచ్చిన ఒక పెద్దామె.

ఆమె పేరు కియోకో. డెబ్బై ఎనిమిదేండ్లు. బతుకంతా పోస్టర్లు గీసిన మనిషి. నేను హైదరాబాద్‌లో ఒక కాలేజీలో అక్షరాలు గీయడం నేర్పుత. మా విద్యార్థులకు తన పని చూపించమని ఆమెను పిలిచినం. రెండు రోజుల పాఠం అయిపోయినంక, "విమానానికి ఇంకా ఐదు రోజులున్నయి. నన్ను బీదర్ తీస్కపోతవా?" అని అడిగింది. తాజ్‌మహల్ అడుగుతదేమో అనుకున్న.

"బీదర్‌లో ఏం చూస్తరు?"

"నలుపు," అన్నది.

రైల్లో

మా ఇద్దరి నడుమ ఇంగ్లీషే దిక్కు. ఇద్దరిదీ అంతంత మాత్రమే గనుక బాగ కుదిరింది. సోమవారం పొద్దుగాల రైలు వికారాబాద్ దాటినంక, ఉడకబెట్టిన పల్లీలు ఒలుచుకుంట తన కథ చెప్పింది.

ఉత్తరాన సముద్రపొడ్డున చిన్న ఊరట వాళ్లది. నాయనకు ఎండు చేపల దుకాణం. ధరల కాగితాలు కుంచెతోని రాసి తగిలించే పని ఈమెది. ధర తగ్గిన రోజు చేప ఏడుస్తున్నట్టు బొమ్మ గీసేదట. ఆ ఏడుపు చూసి ఆడవాళ్లు నవ్వేది, నవ్వి కొనుక్కపోయేది. "అదే నా మొదటి పోస్టర్," అన్నది.

పద్దెనిమిదేండ్లప్పుడు పట్నంలో ఒక అచ్చుకూటంలో చేరింది. అక్కడ ఆడపిల్లలకు రెండే పనులు. చాయ్ పొయ్యాలె, సిరా తుడవాలె. మూడేండ్లు అదే చేసింది. ఒకరోజు బొమ్మలు గీసే పెద్దాయనకు జ్వరమొచ్చింది. ఒక నాటకం పోస్టర్ తెల్లారేసరికి కావాలె. గీసేటోళ్లు లేరు. ఈమె కాగితమంతా నల్లగ పూసి, ఒక పక్కకు కొంచెం తెరిచిన తలుపు, ఆ సందులోంచి సన్నటి వెలుతురు గీసి ఇచ్చింది. నాటకం ఓనరు అచ్చుకూటానికొచ్చి "మా హీరో ఏడీ?" అని ఒర్లిండట. ఒర్లినా వేరేది చెయ్యడానికి టైం లేదు. రైల్వే స్టేషన్ నిండ అదే అంటించిన్రు.

"ఆయన పోయి స్టేషన్ల నిలబడ్డడు, జనం ఎట్ల నవ్వుతరో చూద్దామని. ఎవ్వరు నవ్వలే. ఒక్కొక్కలు ఆగి, ఆ తలుపు సందులకు తొంగిచూసిన్రు. తర్వాతి నాటకానికి ఆయనే మనిషిని పంపిండు, 'ఆ తలుపు పిల్లను గీయమనుండ్రి' అని."

అప్పటి నుంచి యాభై ఏండ్లు. నాటకాలకు, రైళ్లకు, సబ్బులకు, మ్యూజియాలకు, ఏటా ఒక్కటి యుద్ధం వద్దని. ఆమె లెక్క ఒక్కటే. గోడ పక్క నుంచి పోయే మనిషి మూడడుగుల్లో దాటిపోతడు. ఆ మూడడుగుల్లో ఆపకపోతే అది పోస్టర్ కాదు, కాగితం.

"ఇప్పుడేం గీస్తున్నరు?" అని అడిగిన.

"ఏం లేదు. ఏడేండ్లయింది ఆపి." పల్లీల పొట్టు దులుపుకొని కిటికీ దిక్కు తిరిగింది.

బీదర్: నాలుక మీద మట్టి

బీదర్‌లో దిగినప్పటి నుంచి ఆమె చూపంతా బోర్డుల మీదనే. కన్నడం, ఉర్దూ, ఇంగ్లీషు, అక్కడక్కడ మరాఠీ. మా తెలుగు అక్షరాలు కాలేజీలో చూసింది కాబట్టి, ఊరి నడుమ చౌబారా బురుజు కాడ ఒక మందుల దుకాణం బోర్డు ముందర ఆగి, "ఈ కన్నడ అక్షరం మీ తెలుగు అక్షరానికి అక్క లెక్కున్నది. ఇద్దరి మొఖం ఒక్కటే. తలకట్టు మాత్రం వేరే. అక్క అడ్డంగ టోపీ పెట్టుకున్నది, చెల్లె చెవి పక్కకు పువ్వు పెట్టుకున్నది," అన్నది. ఇరవై ఏండ్ల నుంచి అక్షరాలు నేర్పుతున్న, ఆ మాట నాకు తట్టలే.

మంగళవారం బిద్రీ పనివాళ్ల గల్లీకి పోయినం. ఒక ఇరుకు దుకాణంలో తెల్ల గడ్డం ఉస్తాద్ ఒకాయన కూసొని, చిన్న కూజా మీద ఉలితోని తీగలు చెక్కుతున్నడు. చెక్కిన సందుల్లో వెండి తీగ పెట్టి సుత్తెతోని మెల్లగ కొడ్తున్నడు. కూజా ఇంకా బూడిద రంగులోనే ఉన్నది. వెండి ఏదో, కింది లోహం ఏదో తెల్వదు.

"నలుపు ఎప్పుడొస్తది?" అని అడగమన్నది కియోకో గారు.

"ఆఖరికి," అన్నడు ఉస్తాద్, దక్కనీ ఉర్దూలో. "ముందర చాయ్ తాగుండ్రి. నలుపుకు తొందర పనికిరాదు."

పది రూపాయల చాయ్. హైదరాబాద్‌లో ఆ ధరకు ఇప్పుడు సగం కప్పే వస్తది. చాయ్ అయినంక ఆయన ఒక సంచి విప్పి పిడికెడు మట్టి తీసిండు. పాత కోటలో, ఎండా వానా తగలని గోడల కింది మట్టి అట. చిటికెడు నాలుక మీద వేసుకొని, కండ్లు మూసుకొని చప్పరించిండు. "ఈ మట్టి మంచిదో కాదో నాలుకనే చెప్తది," అన్నడు.

నేను ఆపేలోపల కియోకో గారు గూడ చిటికెడు తీసి నోట్లో వేసుకున్నది. ఆమెకు ఏమన్న అయితే కాలేజీకి ఏం జవాబు చెప్పాలె అని నీళ్ల సీసా మూత తీసిన. ఆమె మాత్రం శ్రద్ధగ చప్పరించి, "ఉప్పు. కొంచెం చేదు. బాగుంది," అన్నది. ఉస్తాద్ పడిపడి నవ్విండు. "నలభై ఏండ్లల ఎందరో టూరిస్టులొచ్చిన్రు. మట్టి తిన్నది ఈ అమ్మ ఒక్కతే!"

తర్వాత ఆ మట్టిని నవసాగరం అనే ఉప్పుతోని నీళ్లలో కలిపి, కూజాను వెచ్చజేసి, ఆ ముద్దతోని రుద్దిండు. మేం చూస్తుండగనే లోహమంతా నల్లబడ్డది. వెండి మాత్రం నల్లబడలే. ఆకులు, తీగలు, పూలు ఒక్కసారి బయటికొచ్చినయి.

కియోకో గారు కూసున్న తానే చప్పట్లు కొట్టింది, చిన్నపిల్ల లెక్క. చప్పట్లు కొడుతుంటే కండ్ల నీళ్లు కారినయి. "ఏడేండ్ల కింద నేను నలుపును పోగొట్టుకున్న," అన్నది. "మళ్ల దొరికినంక, లోకంల ఎక్కడెక్కడ మంచి నలుపున్నదో చీటి రాసుకున్న. ఒక్కొక్కటి చూసుకుంట తిరుగుతున్న. ఇది అన్నిట్ల పెద్దది."

పోగొట్టుకోవడమేందో నాకు అర్థం కాలే. ఆ సంతోషంలో అడగబుద్ధి కాలే.

హుల్సూర్: తప్పు బస్సు

బుధవారం మా మేనమామ ఊరు చించోళికి బయలుదేరినం. భాల్కిలో బస్సు మారాలె. నేను కియోకో గారికి కన్నడ అక్షరాలు చదివి చూపించుకుంట, బస్సు మీది బోర్డే సరిగ చదవలే. ఎక్కి, టికెట్టు తీసుకోబోతే కండక్టర్ "ఇది హుల్సూర్ పోతది అక్కా" అన్నడు. అప్పటికే ఊరు దాటినం. అక్షరాల టీచర్ అక్షరాలు చూడక తప్పు బస్సెక్కిందని కియోకో గారు హుల్సూర్ దాకా ఒకటే నవ్వుడు.

తప్పిపోయినా లాభమే అయింది. హుల్సూర్ బస్టాండ్ ఎదురుగ చిన్న రేకుల హోటల్‌లో ఒకామె జొన్నరొట్టెలు తడుతున్నది. ఆ చప్పుడు వినే కియోకో గారు లోపలికి పోయింది. మా ఇంట్లో రొట్టె మందం, మెత్తన. ఇక్కడిది పల్చన, కొన్ని అప్పడం లెక్క కడక్. పుంటికూర, పల్లీల కారం, పచ్చి ఉల్లిగడ్డ పెట్టిన్రు.

జపాన్‌లో తినే ముందర రెండు చేతులు జోడిస్తరు. కియోకో గారు పళ్లెం ముందర చేతులు జోడించి తలొంచింది. హోటలామె తనకే దండం పెట్టిందనుకొని, పిండి చేతులతోనే తిరిగి దండం పెట్టింది. ఈమె మళ్లా తలొంచింది. ఆమె మళ్లా పెట్టింది. నేను నడుమ చేరి చెప్పకపోతే రొట్టెలు చల్లారిపోయేటివి.

అక్కడి నుంచి చించోళికి కంది బస్తాల ఆటో దొరికింది. డెబ్బై ఎనిమిదేండ్ల మనిషి బస్తాల మీద కూసొని, నా చున్నీ తలకు చుట్టుకొని, తొవ్వ పొడుగునా చేలకు చెయ్యి ఊపుకుంట వచ్చింది.

ఖటక్ చించోళి: గిర్ని కాడ

మా మామ పేరు ప్రేమదాసు. ఒకప్పుడు భాల్కి నుంచి బసవకళ్యాణ్ దాకా ఆయన రాయని గోడ లేదు. ఎరువుల కంపెనీలు, బడులు, చర్చీలు, ఎలక్షన్లు. కన్నడం, తెలుగు, మరాఠీ మూడూ రాస్తడు. నాకు అక్షరం మీద మోజు పుట్టింది ఆయన గోడలు చూసే. ఇప్పుడు ఇండ్లకు సున్నాలేస్తున్నడు.

"ఫ్లెక్సులొచ్చినంక గోడ మీద ఎవలు రాపిస్తరు బిడ్డా," అన్నడు నన్ను చూస్తనే. "నాలుగేండ్లాయె కుంచె వట్టక."

మామ కూతురు రూతు ఆ ఊరికి ఆశా వర్కర్. మేం పోయినప్పుడు ఇంటి గడపలో కూసొని ఒక ఫ్లెక్సు మడతపెడుతున్నది. మొఖం మాడిపోయి ఉన్నది. రూతు వాళ్లమ్మ, మా మార్తత్త, నీళ్లిచ్చుకుంట సంగతి చెప్పింది. శుక్రవారం బడిలో కంటి పరీక్షలట. పట్నం నుంచి డాక్టర్లొస్తరు. మోతిబిందు, అదే కంట్ల శుక్లం, ఉన్నోళ్లకు ఉచితంగ ఆపరేషన్. పోయినేడు ఊరి మొత్తం మీద వచ్చింది తొమ్మిది మంది.

"ఈసారి గూడ అట్లనే ఉంటే ఇంక మీ ఊరికి రామన్నరు వదినా," అన్నది రూతు. "ఇంటింటికి తిరిగిన. అందరు తలకాయ ఊపుతరు. ఒక్కరు రారు."

కియోకో గారు ఫ్లెక్సు విప్పి చూసింది. పది మంది పెద్దమనుషుల ఫోటోలు, దండలు, నమస్కారాలు. కండ్ల ముచ్చట ఎక్కడో కింద, చీమలంత అక్షరాలలో.

"జనం ఎక్కడ ఆగుతరు, ఈ ఊర్ల?" అని అడిగింది.

"గిర్ని కాడ," అన్నది మార్తత్త. పిండి పట్టే గిర్ని. అందరూ గింజలు తెచ్చి, వంతు కోసం నిలబడేది అక్కడనే. ఓనరు మారుతన్న. ఆయన గోడ రోడ్డు మీదికి, ఖాళీగ, తెల్లగ ఉన్నది.

ఆ సాయంత్రం గిర్ని అరుగు మీద ముసలామెలను కూసోబెట్టి ముచ్చట పెట్టినం. కియోకో గారు అడిగేది, నేను తెలుగులో చెప్పేది.

"ఏం పని చేస్తలేరు ఇప్పుడు, ఒకప్పుడు చేసింది?"

"జొన్నలల్ల రాళ్లు ఏరొస్తలేదు," అన్నది ఒకామె. "మనుమరాలు తిడుతున్నది, పండ్ల కింద రాళ్లొస్తున్నయని."

"సూదిల దారం ఎక్కుతలేదు," అన్నది నర్సమ్మ అనే ఇంకొకామె. "బొంతలు కుట్టేదాన్ని. ఇప్పుడు దారం ఎక్కియ్యమని ఎవలనన్న బతిమాలుకోవాలె. అడగబుద్ధి కాక బొంతనే బంజేసిన."

తక్కిన ముగ్గురు నలుగురు "ఔ, నాక్కూడ," అని నవ్విన్రు. కియోకో గారు నవ్వలే. సంచిలోంచి కాగితం తీసింది. ఏడేండ్ల నుంచి ఏమీ గీయని మనిషి అరుగు మీద కూసొని, రెండు నిమిషాలలో గీసి నా చేతికిచ్చింది. నల్లటి కాగితం మీద ఒక తెల్లటి సూది, నిలువుగ. పక్కన ఒక దారం, బెజ్జం దాకా వచ్చి, లోపలికి పోలేక వంగిపోయింది. అంతే.

నర్సమ్మకు చూపించిన. ఆమె మొఖానికి దగ్గరగ పెట్టుకొని, దూరంగ పెట్టుకొని చూసి, "అయ్యో, నాదే సూది," అన్నది.

నీలం డబ్బ

గురువారం పొద్దుగాల గోడ కాడ కలిసినం. మారుతన్న నిచ్చెన ఇచ్చిండు. మా మామ సంబురంగ పాత రంగు డబ్బలు, కుంచెలు మోసుకొచ్చిండు. "నల్లరంగు నా దగ్గరనే ఉన్నది, కొనుడెందుకు," అని ఒక డబ్బ మూత తీసి, గోడ మీద ఇంత వెడల్పున ఒక పట్టా కొట్టిండు.

"నాన్నా," అన్నది రూతు, "అది నీలం."

"ఏం నీలం? నల్లగ కనబడుతలేదా?"

మిట్టమధ్యాహ్నపు ఆకాశం లెక్క నీలం. మామ మా మొఖాలు చూసిండు. "నీడకున్నది గద, అట్లనే కొడ్తది," అని కుంచె నీళ్లలో ముంచిండు. డబ్బ మూత కోసం నేల మీద తడుముకున్నడు. అది ఆయన కాలి పక్కనే ఉన్నది.

కియోకో గారు ఆ మూత తీసి ఆయన చేతికిచ్చి, అట్లనే ఆ చెయ్యి పట్టుకొని అరుగు మీద కూసోబెట్టింది. నన్ను పక్కన కూసోమన్నది. "నేను చెప్పేది ఒక్క మాట ఇడవకుండ మీ మామకు చెప్పు," అన్నది. చెప్పిన.

"నాకు డెబ్బై ఏండ్లు దాటినప్పుడు నా పోస్టర్లల్ల నలుపు గోధుమ రంగుకు తిరిగింది. నాకు ముప్పై ఏండ్లు అచ్చువేసిచ్చిన స్నేహితుడొకాయన ఉండె. సిరా మార్చినవు, నన్ను మోసం చేస్తున్నవని తిట్టిన. ఆయన మళ్ల అచ్చువేసిండు. మళ్ల తిట్టిన. ఆఖరికి అందరి ముందర ఆయన కాగితాలు చింపి, మాటలు బంజేసిన. గీసుడు గూడ బంజేసిన. నా పని అయిపోయిందనుకున్న. ఏడాది దాటినంక డాక్టర్ చెప్పిండు, సిరా కాదమ్మా, నీ కండ్లని.

"ఆపరేషనంటే భయపడి ఇంకో మూడేండ్లు దాచిన. మనుషులు దగ్గరికొచ్చేదాకా గుర్తుపట్టకపోయేది. దీపం చుట్టు పూలు పూసినట్టు కనబడేది. ఆఖరికి చేయించుకున్న. పట్టి తీసిన రోజు నేరుగ ఆ స్నేహితుని ఇంటికి పోయిన. ఆయన సొరుగు తీసి, నేను తిట్టిన కాగితాలన్ని నా ముందర పరిచిండు. అన్ని నల్లగనే ఉన్నయి. మొదటి సంది నల్లగనే ఉన్నయి."

మామ తల వంచుకొని విన్నడు. నన్నే అడిగిండు, ఆమెను కాదు. "దీపం చుట్టు పూలు... ఆమెకు గూడ అట్లనే కనిపించేదా?"

"ఔ మామా."

"ఫ్లెక్సులు రాకముందే నాకు గీత రెండు గీతలు కావట్టింది బిడ్డా," అన్నడు. "ఎవలకు చెప్పలే. మా పెదనాయన కన్నుకు ఏదో చేపిచ్చుకొని ఉన్న చూపు గూడ పోగొట్టుకున్నడు. గదంత నేను చిన్నగున్నప్పుడు చూసిన."

లేచి ఇంటి దిక్కు పోయిండు. రూతు వెంట పోబోతే కియోకో గారు ఆపింది.

బడిలో నల్లబల్లలకు వేసే రంగు మిగిలి ఉంటే రూతు అడుక్కొచ్చింది. గోడ నల్లబడ్డది. కియోకో గారు నిచ్చెన మీద రెండు మెట్లెక్కి సూది గీసింది, మనిషంత పొడుగు. దారం గీసింది. కింద అక్షరాల జాగ ఖాళీగ ఇడిచింది.

"నేను రాయనా?" అన్న.

"నువ్వు బాగనే రాస్తవు. కొంచెం ఆగు," అన్నది.

గంట దాటినంక మామ వచ్చిండు. స్నానం చేసి, ఉతికిన అంగీ తొడుక్కొని, కడిగిన కుంచె పట్టుకొని. "చెయ్యి ఏం మరిచిపోలే," అన్నడు నా దిక్కు తిరిగి. "ఎస్తేరూ, కన్ను నువ్వు వెట్టు. నేను రాస్త."

ఆయన వెనక నిలబడ్డ. "కొంచెం పైకి మామా. ఇగ కుడి దిక్కు. సున్న చుట్టు. ఆగు." నాకు అక్షరాలు దిద్దించిన మనిషికి నేను తొవ్వ చెప్పిన. ఒక వరుస కన్నడంలో, దాని కింద ఒక వరుస తెలుగులో: "సూదిల దారం ఎక్కుతలేదా? శుక్రవారం బడికి రా." రాసినంక మూలకు చిన్నగ "ప్రేమ్ పెయింటర్" అని సంతకం పెట్టిండు. కుంచె కియోకో గారికిచ్చి, తన పేరు గూడ పెట్టమన్నడు. ఆమె తెలుగులోనే పెడతనన్నది. మామ వేలుతోని గాలిలో చూపిస్తుంటే, మూడు అక్షరాలు రాసింది. 'యో' దగ్గర కొమ్ములన్నీ చిక్కుపడి పల్లీచెట్టు లెక్క అయింది. గిర్ని కాడున్న జనమంతా చప్పట్లు కొట్టిన్రు.

శుక్రవారం

పొద్దుగాల ఎనిమిదింటికి బడికి పోయేసరికి గేటు బయటికి వరుస. రూతు పేర్లు రాసుకోలేక నన్నూ కూసోబెట్టింది. పక్క తండా నుంచి ఒక ట్రాక్టర్ నిండ వచ్చిన్రు. పోయినేడు తొమ్మిది మందిని చూసి పోయిన డాక్టర్ చాయ్ తాగడానికి గూడ లేవలే.

వరుసలో చాలమంది ముసలామెల చేతుల్లో సూది, దారం ఉన్నయి. గోడ మీద సూది చూసి, తెచ్చి చూపించాలేమో అనుకున్నరట. నర్సమ్మయితే సూదిని పైట కొంగుకు గుచ్చుకొని, దారం ఉండ పట్టుకొని వచ్చి, రెండూ చీటి లెక్క డాక్టర్ బల్ల మీద పెట్టింది. డాక్టర్ రూతు దిక్కు చూసిండు. రూతు నా దిక్కు చూసింది. కియోకో గారికి నేను చెప్పిన. ఆమె బడి అరుగు మీద కూసొని పొట్ట పట్టుకొని నవ్వింది. "నా పోస్టర్‌ను ఇంత గట్టిగ నమ్మినోళ్లు యాభై ఏండ్లల ఎక్కడ లేరు," అన్నది.

వరుసలో మొదటి మనిషి మా మామ. అందరికన్న ముందరొచ్చి, గేటు తాళం తీయకముందే నిలబడ్డడట. ఆయనకు ఆపరేషన్ రాసిన్రు. రెండు కండ్లకు, ఒకటి తర్వాత ఒకటి. ఆస్పత్రి బస్సెక్కేటప్పుడు కియోకో గారి రెండు చేతులు పట్టుకొని, "తిన్నవా జపానమ్మా?" అని తెలుగులోనే అడిగిండు. ఆమె జపాన్ భాషలో ఏదో జవాబు చెప్పింది. ఇద్దరికీ అర్థమైనట్టే తలలూపుకున్నరు.

బసవకళ్యాణ్ మీదుగా

మేం బసవకళ్యాణ్ పోయి హైవే మీద హైదరాబాద్ బస్సెక్కినం. బస్టాండ్‌లో మిర్చి బజ్జీ కారానికి కియోకో గారు రెండు సీసాల నీళ్లు తాగింది. అయినా రెండో బజ్జీ అడిగింది. బస్సులో ఒళ్లో కాగితాలు పెట్టుకొని, కుదుపులకు గీతలు వంకరపోతున్నా లెక్కచేయకుండ గీస్తనే ఉన్నది. రొట్టెలు తట్టే చేతులు, కంది బస్తాలు, నాలుక బయటపెట్టిన ఉస్తాద్. "మళ్ల మొదలుపెడుతున్నరా?" అంటే, "మొదలుపెట్టిన గద, గిర్ని కాడ. చూడలేదా?" అన్నది. మర్నాడు విమానమెక్కించి ఇంటికొచ్చిన.

సోమవారం రూతు వీడియో కాల్ చేసింది. ఆస్పత్రిలో మామకు ఒక కంటి పట్టి తీసిన్రు. ఫోన్ ఆయన దిక్కు తిప్పి పట్టుకున్నది. మామ కన్ను చికిలించి ముందర కిటికీ చూసిండు, కూతురును చూసిండు, తన చేతి వేళ్లు మడిచి తెరిచి చూసుకున్నడు. తర్వాత మంచం పక్కన కూసున్న మార్తత్త దిక్కు తిరిగి అట్లనే చూస్తుండిపోయిండు.

"మార్తా, నీ జుట్టు ఇంత తెల్లగ ఎప్పుడైందే?"

"మూడేండ్లాయె," అన్నది మార్తత్త.

"మరి నాకొక్క మాట చెప్పకపోతివి!"

"నువ్వు ఇంకా నల్లగనే ఉన్నదనుకుంటుంటివి," అన్నది మార్తత్త, కొంగు నోటికడ్డం పెట్టుకొని. "మంచిదే గద అని ఊకున్న."